చిన్న కారా, పెద్ద కారా – మా ఇంట్ల పంచాయితీ



పోయిన నెల ఈ పేజీలో బీడీలు చుట్టే అక్కల పెన్షన్ కాగితాల గురించి రాసిన. ఈ నెల కరెంటు బిల్లు గురించి రాద్దామనుకున్న. కాని రెండు నెలల సంది మా ఇంట్ల ఒక్కటే లొల్లి. అది తెగేదాక కలం పట్టబుద్ధి కాలేదు. కారు కొనుడు ఖాయమే. డిక్కీ ఉన్న చిన్న కారు కొనాలెనా, దానికంటె ఒక మెట్టు పెద్దది కొనాలెనా అన్నదే పంచాయితీ.

సాంచెల కాడ నిలబడి బతికినోనికి కార్ల ముచ్చట ఎందుకని కొందరు నవ్వుతరు. నవ్వనీయండి. మన షోలాపూర్ల అశోక్ చౌక్ దిక్కు ఏ గల్లీకన్న పొద్దుమీకి పోయి చూడండి, ఎన్ని కార్లు మోరీల మీద నిలబడి ఉంటయో. పిల్లలు అడుగుతున్నరు, బ్యాంకులు ఇస్తున్నయి. లెక్క తెలువకుంటె మునిగేది మనమే. నేను చదివింది నాలుగో తరగతి. కాని మిల్లుల పద్దెనిమిదేండ్లు, తర్వాత చద్దర్ల కారఖానాల ఇరవై ఏండ్లు గజం, ఇంచు, పోగు లెక్కలల్లనే బతికిన. కొలిచి చూడనిది ఏదీ నమ్మ.

ముందుగాల మా ఇంటి సంగతి. నేను, మా ఇంటామె, కొడుకు, కోడలు, తొమ్మిదేండ్ల మనుమరాలు. అయిదుగురం. కొడుకు ఎంఐడీసీల ఒక టవల్ కారఖానాల లెక్కలు రాస్తడు. ఓవర్‌టైం కలిపి నెలకు 34 వేలు. కోడలు ఇంట్ల ట్యూషన్ చెప్పి 11 వేల దాక తెస్తది. నా పెన్షన్ చెప్పుకునేంత లేదు, పదిహేను వందలు కూడా దాటది. ఇంటామె పన్నెండేండ్ల వయసుల బీడీల చాట ఒళ్లె పెట్టుకున్నది, మోకాళ్లు మొరాయించిందాక దించలేదు. ఆమె పీఎఫ్ పైసలు, భిశీల పైసలు కలిపి మూడు లక్షలున్నయి. కొడుకు దగ్గర ఒక లక్ష.

"నాయినా, కొంటె పెద్దదే కొందాం. మల్ల మల్ల కొనం కద" అన్నడు కొడుకు. హోండా సిటీ, వెర్నా, స్లావియా – ఇసుంటి పేర్లు చెప్పిండు. నేను డిజైర్, అమేజ్, ఆరా అన్న. ఆ పొద్దు అన్నం తినకుండనే డ్యూటీకి పోయిండు.

ఈ రెండు రకాల నడుమ ఉన్న తేడా ఏందో ముందు చెప్త. ఇది నేను షోరూముల తిరిగినంకనే సమజైంది. మన దేశంల చిన్న కారుకు ఒక గీత ఉన్నది. పొడుగు నాలుగు మీటర్లు దాటొద్దు. ఇంజను పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటొద్దు. 2006 బడ్జెట్‌ల ఈ గీత లోపట ఉన్న బండ్లకు ఎక్సైజు 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించిండ్రు. అప్పటి సంది కంపెనీలు బండ్లను ఆ గీత లోపటికి నూకుడు షురూ చేసినయి. టాటా వాళ్లు 2008ల ఇండిగో కారు వెనక భాగం కురచ చేసి ఇండిగో సీఎస్ అని తెచ్చిండ్రు. అదే ఏడు వచ్చిన మొదటి స్విఫ్ట్ డిజైర్ నాలుగు మీటర్లు దాటి ఉండె. 2012ల దాని తోక కత్తిరించి 3995 మిల్లీమీటర్లకు తెచ్చిండ్రు. గీతకు అయిదు మిల్లీమీటర్ల లోపట! మనం చద్దరు అంచు కొట్టేటప్పుడు కూడా ఇంత సన్నగ కొలువం.

అంటే చిన్న డిక్కీ కార్ల వెనక భాగం ఎందుకు ముక్కు కోసినట్లు ఉంటదో దానికి కారణం అందం కాదు, పన్ను. జీఎస్టీ వచ్చినంక చిన్న పెట్రోల్ కారుకు సెస్సు కలిపి 29 శాతం, ఆ పై మెట్టు కారుకు 45 శాతం పడేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్నదానికి 18, పెద్దదానికి 40 చేసిండ్రు. కొడుకు ఆ వార్త చదివే "నాయినా, పెద్ద కార్లు కూడా అగ్గువైనయి" అని ఎగిరిండు. అగ్గువైన మాట నిజమే. కాని మల్లొకసారి చూడు బిడ్డా అన్న. ముందు రెండింటి నడుమ తేడా 16 శాతం ఉండె, ఇప్పుడు 22 అయింది. పెద్దది తగ్గింది, చిన్నది ఇంకా ఎక్కువ తగ్గింది. ఈ లెక్క చూసి వాడు కొంచెంసేపు మాట్లాడలేదు.

ఇగ కొలతలు. సంచిల నుంచి టేపు తీసిన. మా ఇంటి ముందు మెట్ల కాడినుంచి పక్కింటోళ్ల గోడ మూల దాక 14 అడుగుల 4 ఇంచులు. 3995 మిల్లీమీటర్లంటే 13 అడుగుల ఇంచుంబావు. హోండా సిటీ 4583 మిల్లీమీటర్లు, అంటే 15 అడుగుల పైన. చిన్నది పడుతది, పెద్దది పక్కింటోళ్ల గడప ముందటికి పోతది. పక్కింట్ల ఉన్నది మా పాత జాబర్ కుటుంబం. నలభై ఏండ్ల సంది మాట పట్టింపు లేకుంట కలిసి ఉన్నం. రోజు వాళ్ల గడపకు అడ్డం బండి పెట్టి ఆ సంబంధం చెడగొట్టుకోవాలెనా?

వెడల్పుల మాత్రం తేడా చాన తక్కువ. డిజైర్ 1735 మిల్లీమీటర్లు, వెర్నా 1765. ఇంచుంబావు అంతే. కాబట్టి పెద్ద కారుల వెనక ముగ్గురు హాయిగ కూసుంటరని ఎవలన్న అంటె పూర్తిగ నమ్మకండి, భుజాలకు దొరికేది బొటనవేలంత. ఎక్కువ జాగ దొరికేది కాళ్లకు. ముందు చక్రానికి, వెనక చక్రానికి నడుమ దూరం డిజైర్ల 2450, సిటీల 2600, వెర్నాల 2670. ఆరు ఇంచుల నుంచి ఎనిమిది ఇంచుల పైదాక ఎక్కువ. మోకాళ్లకు అది తెలుస్తది. డిక్కీ కూడా అంతే: డిజైర్ల 382 లీటర్లు, సిటీల 506, వెర్నాల 528. పెండ్లికి పోయేటప్పుడు రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక చద్దర్ల మూట పెట్టాలంటె ఈ తేడా కనిపిస్తది.

గల్లీ మలుపు సంగతి కూడా చూసుకోవాలె. డిజైర్ తిరగడానికి 4.8 మీటర్ల వ్యాసార్ధం చాలు, సిటీకి 5.3 కావాలె. మా గల్లీ చివర కరెంటు స్తంభం ఉన్నది, దాని కింద చాయ్ బండి. ఆటో వాళ్లే అక్కడ రెండుసార్లు వెనకముందు చేస్తరు.

ఒక ఆదివారం అందరం కలిసి షోరూములకు పోయినం. నేను ఇంటామెను కావాలనే తోలుకపోయిన. కారు నడిపేటోడు కొడుకు, కాని కారు అవసరం ఉన్నది ఆమెకు. నెలకు రెండుసార్లు మోకాళ్ల డాక్టరు దగ్గరికి పోవాలె, ఆటో గుంతలల్ల దుంకితె ఇంటికొచ్చినంక రెండు రోజులు లేవది. పెద్ద కారు వెనక సీట్ల ఆమె కాళ్లు చాపుకొని కూసున్నది. ముఖం మీద వెలుగొచ్చింది. కొడుకు నా దిక్కు చూసి మీసంల నవ్విండు. దిగేటప్పుడు మాత్రం అసలు సంగతి తెలిసింది. సీటు కిందికి ఉన్నది, కాళ్లు కింద పెట్టి లేవబోతె లేవరాలేదు. కోడలు ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టినం. చిన్న కారుల కూడా దిగుడు కష్టమే అయింది, కాని తలుపు పట్టుకొని తనంతట తనే లేచింది. మోకాళ్లు ముందు సీటు వెనకకు తాకినయి, ముందు సీటు కొంచెం జరిపితె సరిపోయింది.

అక్కడున్న పిలగాడు "అమ్మకు ఎత్తు బండి మంచిదండి" అని ఎస్‌యూవీ చూపెట్టబోయిండు. ఆ ముచ్చట నిజమే, మోకాళ్లు నొచ్చేటోళ్లకు ఎత్తు సీటు మంచిది. కాని మా కొడుకుకు డిక్కీ మూసి ఉన్న కారే కావాలె, వాని చిన్నప్పటి ఆశ అది. మీ ఇంట్ల ఇసుంటి ముసలోళ్లు ఉంటే మాత్రం ఆ రకం కూడా ఒకసారి కూసోబెట్టి చూడండి.

చిన్న కారు అంటె డబ్బా, గుద్దితె నలిగిపోతదని చాన మంది అంటరు. ఇదివరకు ఆ మాటల కొంత నిజం ఉండె. 2024ల వచ్చిన కొత్త డిజైర్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల అయిదు చుక్కలు వచ్చినయి. పెద్దవాటిల వెర్నా, స్లావియా, వర్టస్‌కు కూడా ఆ పరీక్షల అయిదు వచ్చినయి. అయితె ఒకటి గుర్తుంచుకోవాలె, బరువైన బండి తేలిక బండి ఎదురెదురుగ గుద్దుకుంటె దెబ్బ ఎక్కువ తగిలేది తేలికదానికే. అయిదు చుక్కలు ఆ సూత్రాన్ని మార్చవు. ఇంజను సంగతి కూడా దాయను. అయిదుగురు కూసొని, డిక్కీ నింపి, ఏసీ వేసి జహీరాబాద్ దిక్కు పోతుంటె 1200 సీసీ ఇంజను లారీని దాటేటప్పుడు కొంచెం ఆలోచిస్తది. 1500 సీసీది ఆలోచించది. ఎప్పుడూ హైవే మీద ఉండేటోళ్లు పెద్దది కొంటె నేను తప్పనను.

మరి మనం ఎప్పుడూ హైవే మీద ఉంటమా? నేను ఇంటి ఖర్చుల వహి తీసి పోయిన ఏడాదిల ఎక్కడెక్కడికి పోయినమో రాసిన. బస్సు, ఆటో, కిరాయి కారు, అన్నీ. ఊరు దాటి పదకొండుసార్లు పోయినం. అందుల తుల్జాపూర్, అక్కల్‌కోట్, పండరీపూర్ పోయి అదే రోజు తిరిగొచ్చినవి ఎనిమిది. హైదరాబాద్ దాక పోయింది మూడేసార్లు. మిగిలినవన్నీ ఊర్లెనే – డాక్టరు, మనుమరాలి బడి, మార్కండేయ గుడి, చుట్టాలిండ్లు. ఏడాదికి మూడు దూర ప్రయాణాల కోసం మూడు వందల అరవై రోజులు రెండడుగుల ఇనుము గల్లీల తిప్పాలె. ఆ మూడు రోజులకు పెద్ద బండి కిరాయికి తీసుకున్నా పెద్ద కారు ఒక్క నెల హప్తా కంటె చాన ఎక్కువ కాదు.

హప్తా అన్న కద, ఇగ ఆ లెక్క. కొడుకు వేసుకొచ్చిన కాగితం మీదనే నేను వేసిన.

చిన్న కారుల మంచి మాడలు షోరూం ధర 8 లక్షల 80 వేలు అనుకుందాం. మన మహారాష్ట్రల పది లక్షల లోపు పెట్రోల్ కారుకు రోడ్ ట్యాక్స్ 11 శాతం, పది దాటితె 12. ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిపి రోడ్డు మీదికి వచ్చేసరికి 10 లక్షల 20 వేల దాక అయితది. కారఖానా పండుగ బోనసుల ఇంకో 20 వేలు కలిపి మేము 4 లక్షల 20 వేలు కడితె అప్పు 6 లక్షలు. 9 శాతం వడ్డీకి అయిదేండ్లు పెట్టుకుంటె నెలకు 12,455. మొత్తం వడ్డీ లక్షా 47 వేలు.

పెద్ద కారు 13 లక్షలది అనుకుంటె ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిపి 15 లక్షలు దాటుతది. పది లక్షల పైన బండికి ఇంకమ్ ట్యాక్స్ కింద ఒక శాతం కూడా ముందే పట్టుకుంటరు, రిటర్న్ వేస్తె సర్దుబాటు అయితది, వెయ్యకుంటె పోయినట్లే. మా 4 లక్షల 20 వేలు పోను అప్పు 11 లక్షలు అనుకుందాం. అయిదేండ్లకు పెడితె నెలకు 22,800 పైన. అంత కట్టలేమని ఏడేండ్లకు పెడితె 17,700. వడ్డీ మూడు లక్షల 86 వేలు దాటుతది. చిన్న కారు వడ్డీకి రెండున్నర రెట్లు! షోరూముల ధరల తేడా నాలుగు లక్షలనే చెప్తరు. ఈ వడ్డీల తేడా రెండు లక్షల నలభై వేలు ఎవలూ చెప్పరు.

ఒక్క దాంట్ల మాత్రం తేడా లేదు. తప్పనిసరి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఇంజను సీసీని బట్టి ఉంటది. 1000 నుంచి 1500 సీసీ దాక ఒక్కటే రేటు. 2022ల పెట్టిన రేటు ప్రకారం ఏడాదికి 3,416, కొత్త కారుకు మూడేండ్లది ఒక్కసారి 10,640. మన డ్యామేజీ ఇన్సూరెన్సు మాత్రం బండి ధర మీద పడుతది. దాన్ని షోరూముల్నే తీసుకోవాలన్న నిబంధన లేదు, బయట ధర అడిగి చూడండి. మాకు అట్ల అడిగినంక షోరూం వాళ్లే తగ్గించిండ్రు.

ఇంక సీఎన్జీ. కిలోకు వచ్చే మైలేజీ మంచిగుంటది, రోజు నలభై యాభై కిలోమీటర్లు తిరిగేటోళ్లకు నిజంగ మిగులుతది. కాని చాన కార్లల్ల సిలిండరు డిక్కీలనే కూసుంటది. డిక్కీ కోసమే డిక్కీ కారు కొని, ఆ డిక్కీని సిలిండరుకు అప్పజెప్పుడు నాకు నచ్చలేదు. టాటా వాళ్లు టిగోర్ల ఒక పెద్దదాని బదులు రెండు చిన్న సిలిండర్లు అడుగున పరిచి, మీద సామాను పెట్టుకునే జాగ మిగిల్చిండ్రు. మేము నెలకు అయిదు వందల కిలోమీటర్లు కూడా తిరగం. అందుకే పెట్రోలే అనుకున్నం.

లెక్కలన్నీ అయినంక కొడుకు అన్నడు, "నాయినా, నెలకు అయిదు వేలు ఎక్కువైతె ఏమైతది? ఓవర్‌టైం చేస్త."

అప్పుడు నేను 1994 సంగతి చెప్పిన. ఇన్నేండ్లల్ల వానికి ఎప్పుడూ పూర్తిగ చెప్పలేదు. మిల్లుల ఉన్నప్పుడు ఒక సొసైటీల అప్పు తీసుకొని స్కూటరు కొన్న. వానికప్పుడు అయిదేండ్లు, ముందు నిలబడి హారన్ కొట్టేటోడు. పద్దెనిమిది హప్తాలు కట్టిన. ఒక పొద్దు మిల్లు భోంగా కూయలేదు. గేటు మీద కాగితం అంటించి ఉన్నది. రెండు నెలలల్ల తెరుస్తరన్నరు, తెరువలేదు. మూడు హప్తాలు తప్పినంక సొసైటీ మనుషులు వచ్చి నడి పొద్దున స్కూటరు తోలుకపోయిండ్రు. గల్లీ అంత చూసింది. ఇంటామె బీడీల చాట పక్కకు పెట్టి లోపటికి పోయింది. నేను ఆ పొద్దు మొదటిసారి ఒకరి కారఖానాల రోజు కూలికి పోయిన, జాబర్ అన్న తన పేరు మీద మాట చెప్పి పెట్టిచ్చిండు. పద్దెనిమిది హప్తాలు పోయినయని కాదు నాకు బాధ, ఆ పొద్దు వాడు "నాయినా స్కూటరు ఎప్పుడు తెస్తరు" అని వారం రోజులు అడిగిండు.

ఇది విని కొడుకు "ఇప్పుడు అట్ల కాదు నాయినా, మా కారఖానా మూతపడది" అన్నడు. మూతపడొద్దనే నేను కూడా మొక్కుకుంట. కాని 2025 ఆగస్టుల అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతం చేసినప్పుడు వాని కారఖానాల ఓవర్‌టైం బంద్ అయింది. నాలుగు నెలలు 27 వేలే తెచ్చిండు. ఆ నెలలల్ల ఇంట్లకు వచ్చింది 38 వేలు. అందుల నుంచి 17,700 పోతె ఏం మిగులుతది? 12,455 పోతె ఏం మిగులుతది? వాడే లెక్కలు రాసేటోడు, నేను చెప్పేదేముంది. "బ్యాంకోడు మంచి నెల జీతం చూసి అప్పిస్తడు బిడ్డా, మనం మాత్రం చెడ్డ నెలల కూడా కట్టాలె" అని అన్న. వాడు లేచి మేడ మీదికి పోయిండు.

నాకు పంచాయితీ అయిపోయిందనిపించింది. కాలేదు.

రాత్రి ఇంటామె చెప్పింది. ఆమెకు కోడలు చెప్పిందట. మొన్న ఎండకాలం హైదరాబాద్ల చుట్టాల పెండ్లికి కొడుకు దోస్తు కారు అడుక్కొని తీసుకపోయినం, మీకు ఇదే పేజీల రాసిన. తెల్లది, చిన్న డిక్కీ కారు. మమ్మల్ని దించి బండి పెట్టబోతుంటె ఫంక్షన్ హాలు గేటు కాడి మనిషి "డ్రైవర్లంత వెనక గేటు నుంచి రావాలె, అన్నం అక్కడనే పెడుతరు" అన్నడట. కొత్త అంగీ తొడుక్కొని ఉన్నడు, అయినా అట్ల అన్నడు. వీడు ఏం జవాబు చెప్పకుండ బండి వెనకకు తీసుకపోయి, కొద్దిసేపు అండ్లనే కూసొని వచ్చిండు. మాకెవలకు చెప్పలేదు. నాకు ఆ పొద్దు వాడు ఆలస్యంగ వచ్చిండని కోపం చేసింది గుర్తున్నది.

ఆ కారు టాక్సీలల్ల ఎక్కువ తిరిగే కారు. ఆ గేటు మనిషిది కూడా పెద్ద తప్పనలేను, పొద్దంత వంద తెల్లబండ్లు చూస్తడు. కాని కొడుకు పెద్ద కారు పెద్ద కారు అని ఎందుకంటున్నడో నేను రెండు నెలలు టేపు పట్టుకొని కొలిచినా తెలువలేదు. నేను పెండ్లిచూపులకు పోయినప్పుడు దోస్తు గడియారం కట్టుకొని పోయిన. చెయ్యి మాటిమాటికి పైకెత్తి టైం చూసిన. ఇంటామె ఇప్పటికీ ఆ ముచ్చట తీసి నవ్వుతది. నేను వాన్ని ఏమనగలుగుత?

తెల్లారి చాయ్ తాగేటప్పుడు నేను ఆ గేటు సంగతి ఎత్తలేదు. ఎత్తితె వాడు తట్టుకోడు. "ఏదో ఒకటి నువ్వే తెంపు, నీ జీతం, నీ సంతకం" అని మాత్రం అన్న. ఇంటామె తన మూడు లక్షల కాగితాలు తెచ్చి వాని ముందర పెట్టింది. "పెద్దది కొంటవో చిన్నది కొంటవో నాకు తెలువది గాని, నన్ను ఎవలు పట్టుకోకుండ దిగేది కొను" అన్నది.

వాడు మూడు రోజులు తీసుకున్నడు. నాలుగో రోజు పొద్దుమీకి వచ్చి, చిన్నదే బయానా ఇచ్చిన అన్నడు. తక్కువ మాడలు కాదు, పైనుంచి రెండోది. వెనక ఏసీ గాలి వచ్చే బొక్కలు ఉన్నయి, అమ్మకు మంచిగుంటదన్నడు. అయిదేండ్ల హప్తా. ఇంకొకటి చెప్పిండు.

"తెల్లది వద్దన్న నాయినా. నీలం రంగుది చెప్పిన. నెల ఆలస్యమైతది."

"కానీ బిడ్డా. నీలం మంచిగుంటది" అన్న.

తెల్ల రంగు తీసుకుంటె అమ్మేటప్పుడు ధర బాగొస్తదని, ఎండకు తక్కువ కాలుతదని నాకు తెలుసు. షోరూం పిలగాడు కూడా నాతోని చెప్పిండు. నేను ఆ మాట కొడుకు దగ్గర అనలేదు.

ఇగ మీకు ఒక్క మాట, ఇట్ల కొనాలనుకునేటోళ్లకు. షోరూంల రాసిచ్చిన కాగితంల హ్యాండ్లింగ్ చార్జీ అని, యాక్సెసరీలని, అయిదేండ్ల వారంటీ అని వేర్వేరు గీతలు ఉంటయి. ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి ఇది తప్పనిసరా కాదా అని అడగండి. మాకు సీటు కవర్లు, అడుగున రబ్బరు, ఏదో పాలిష్ కలిపి 31 వేలు రాసిండ్రు. సీటు కవర్లకు మన ఊర్ల గుడ్డ లేదా? ఇంటామె పాత పరుపుల కుట్టు పని చేసే ఆమెను అప్పుడే అడిగొచ్చింది. 31 వేలు 6 వేలకు వచ్చింది.

పక్కింటి జాబర్ అన్నకు వయసు ఎనభై దాటింది. బండి వస్తుందని చెప్పడానికి పోతె, "మా గడప ముందటికి వస్తదా" అని అడిగిండు. రాదు, ఇంచుల లెక్కన చూసిన అన్న. "వచ్చినా ఏం కాదురా" అన్నడు. అన్నడు గాని మెట్ల కాడి తులసి కుండీ ఒక జానెడు లోపటికి జరిపి పెట్టుకున్నడు.

బండి నారాళి పున్నమ లోపు వస్తదన్నరు. రథం ఊరేగే నాడు మన గల్లీలల్లకు ఏ బండీ రాదు కాబట్టి అంతకు ముందే రావాలని కొడుకు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నడు. స్తంభం కాడి మలుపుల ఎట్ల తిరిగిందో, చాయ్ బండి ఆయన ఏమన్నడో వచ్చే నెల రాస్త. కరెంటు బిల్లు ముచ్చట కూడా అప్పుడే.